ఏది కుడి? ఏది ఎడమ?

పత్రికాఫీసులో పేజీలు పేర్చే ఆమెను చిన్నా పెద్దా అందరూ పేజీలక్క అనే పిలిచేవారు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయినా, ఒళ్ళు కుదుటపడగానే ఆమె పనిలోకి వచ్చింది. అదే ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఆమె తమ్ముడు మౌస్‌ను ఎడమవైపు పెట్టి, చూపుడువేలికి వీలుగా ఉండాలని రెండు బటన్ల పనులనూ తారుమారు చేశాడు. ఆ సంగతి ఆమెకు చెప్పాలని అతనికి తోచలేదు. వేళ్ళు అలవాటు పడ్డాయి, పని సాగింది. కొన్నాళ్ళకు అతన్ని వేరే శాఖకు పంపారు.

ఇంతలో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. మేనేజరు ఎదుట ఒక్కొక్కరూ ఒక పేజీ పేర్చి చూపాలి. తెరమీద సూచన కనిపించింది: ‘బొమ్మను ఎడమ బటన్‌తో పట్టుకుని జరపండి.’ ఆమె ఎడమ బటన్ నొక్కింది. బొమ్మ కదల్లేదు సరికదా, ఏదో పట్టిక ఊడిపడింది. మళ్ళీ నొక్కినా అంతే.

“అక్కా, ఎడమది నొక్కండి,” అన్నాడు మేనేజరు.

“ఎడమదే నొక్కుతున్నానండీ.”

అతని చూపు ఆమె ఒడిలో పడి ఉన్న కుడిచేతి మీద వాలింది. ఇంకొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమని మెత్తగా చెప్పాడు.

ఇంటికొచ్చి ఆమె భర్తకు పనిచేసే చెయ్యి ఎత్తి చూపించింది. “ఇది ఏ చెయ్యండీ?”

కూరగాయలు తరుగుతున్న ఆయన కత్తి ఆగిపోయింది. ఎడమదేనని చెప్పాడు. ఆమెకు నమ్మకం కుదరలేదు. జబ్బు చేతితోపాటు తెలివినీ తీసుకుపోయిందేమోనన్న భయం పట్టుకుంది. ఒంటరిగా రోడ్డు దాటడం మానేసింది.

కబురు విన్న తమ్ముడు తల బాదుకుంటూ పరుగెత్తుకొచ్చి, బటన్లు తారుమారు చేసింది తానేనని చెప్పాడు. ఇద్దరూ ఆఫీసుకు వెళ్ళేసరికి ఆమె కుర్చీలో మరొకామె కూర్చుని ఉంది. సంగతి విని మేనేజరు నొచ్చుకున్నాడు. కానీ పైవాళ్ళ నిర్ణయం అయిపోయిందనీ, తన చేతుల్లో ఏమీ లేదనీ అన్నాడు.

ప్రూఫులు దిద్దే పెద్దాయన వాళ్ళను గేటు దాకా సాగనంపాడు. ఆఫీసులో ఆయన మాటకు గౌరవమే తప్ప విలువ లేదు.

“నేను చెప్పినా వినే నాథుడు లేడు తల్లీ,” అన్నాడు. “సూచనలో బటన్ ఏ పక్కనుందో కాదు, ఏ పని చేస్తుందో రాయాలి. రాసినవాళ్ళు తమ చేతిని చూసుకుని రాశారు, వీళ్ళు తప్పు మాత్రం నీ బుర్రలో వెతికారు.”