ఒక్క సెల్లు పోయిన బ్యాటరీ

మా ఆయన పైడయ్యకి నా మీద కంటే బండి మీద ప్రేమ ఎక్కువని పెళ్లైన రెండో ఏడే తెలిసిపోయింది. పోనీలే, దేని మీదో ఒకదాని మీద ఉందిగా అని సరిపెట్టుకున్నాను. రెండువేల ఎనిమిది వేసవిలో ఆ భ్రమ కూడా తీరింది.

మాది జాలారిపేట. బండి అంటే పాత డీజిల్ వ్యాను, మా చేతికొచ్చేసరికే మూడు చేతులు మారింది. తెల్లారకముందే హార్బరులో వేలం పాటకి వెళ్లి, చేపలు కొనుక్కుని, ఆ వ్యానులో గాజువాక వైపు వెళ్లి వీధి వీధీ తిరిగి అమ్ముకునేవాళ్లం. నాతో కలిపి ఎనిమిది మంది ఆడవాళ్లం. అందరిలోకీ పెద్దది నూకాలు, నాకు అత్త వరస. మోకాళ్లు పోయినా గంప దించేది కాదు, దించితే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆ గంపలన్నీ దింపించాలని నాకు పట్టుదల. స్టీల్ ప్లాంటు లోపల కాంట్రాక్టు కూలీల క్యాంటీనుకి రోజుకి అరవై కిలోల చేప కావాలని విని, అక్కడి మేనేజరు కృష్ణంరాజు గారి చుట్టూ మూడు నెలలు తిరిగాను. ఆఖరికి ఆయన విసుగొచ్చి ఒప్పుకున్నాడు. వేట తెరిచిన మొదటి రోజు నుంచి నెల్లాళ్లు ఇవ్వాలి. ఉదయం ఏడు దాటకూడదు, ఒక్క పూట కూడా తప్పకూడదు. అలా ఇస్తే ఏడాదికి ఆర్డరు రాసిస్తానన్నాడు. మా ఎనిమిది మందికీ గేటు పాసులు కూడా ఇప్పించాడు. పాసు మీద తన ఫోటో చూసుకుని నూకాలత్త రోజంతా నవ్వింది.

ఏప్రిల్ మధ్య నుంచి మే ఆఖరు దాకా వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం బోట్లని కట్టేయిస్తుంది. ఆ నెలన్నరా మా పేటలో బ్యాటరీలకి ఇళ్లల్లోనే కాపురం. బోటు బ్యాటరీ అయినా, బండి బ్యాటరీ అయినా, ఊడదీసి ఇంటికి తెచ్చుకుంటారు. దానికో ఇన్వర్టరు డబ్బా తగిలిస్తే కరెంటు పోయినప్పుడు టీవీ ఆడుతుంది, ఫ్యాను తిరుగుతుంది. ఇది తప్పని మా పేటలో ఎవరూ అనుకోరు. బోటే కదలనప్పుడు బ్యాటరీ ఖాళీగా ఎందుకుండాలి అంటారు.

ఆ ఏడాదే ఇరవై ఓవర్ల క్రికెట్ ఆటలు మొదలయ్యాయి. రోజూ సాయంత్రం ఆట, రోజూ సాయంత్రం కరెంటు కోత. మా ఇంటి ముందు వీధంతా చేరేది. బ్యాటరీ పూర్తిగా చచ్చి బొమ్మ మాయమయ్యేదాకా చూసేవారు, మర్నాడు ఛార్జింగు పెట్టించి మళ్లీ చంపేవారు. మగవాళ్లని అని లాభం లేదు. ఆటకి ముందు వచ్చే సీరియల్ నేనూ చూశాను. ఆ సీరియల్లో కోడలి కష్టాలకి కళ్లు తుడుచుకున్నాను కూడా. నా కష్టం బల్ల కింద కూర్చుని బుసబుసమంటోందని తెలియలేదు.

మే నెలాఖరున బ్యాటరీ తీసుకెళ్లి బండికి పెట్టి తాళం తిప్పితే, ఇంజిన్ ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. కొత్త బ్యాటరీకి సరిపడా డబ్బు నా దగ్గర ఉంది, ముందే దాచాను. ఇద్దరం కలిసి జ్ఞానాపురంలో కామరాజు కొట్టుకి వెళ్లాం. లారీల బ్యాటరీలు విప్పి బాగుచేయడంలో అతనికి మంచి పేరు.

మాది పాతకాలం నల్ల డబ్బా. పైన తారు పోసి మూసి ఉంటుంది, లోపల ఆరు గదులు. ఒక్కో గదినీ సెల్లు అంటారు. కామరాజు ఆరు మూతలూ విప్పి, గాజు గొట్టంతో ఒక్కో దాంట్లోంచి నీరు పీల్చి చూశాడు.

"ఒకటి సచ్చిపోయింది బావ" అన్నాడు మా ఆయనతో. "మిగిలిన అయిదూ బతికున్నాయి గాని సత్తువ లేదు. టీవీకి ఎట్టేరా?"

"ఏదో, కరెంటు పోయినపుడు" అన్నాడు మా ఆయన.

"బండి బేటరీ ఒక్క దెబ్బలో బలం సూపించడానికి పుట్టింది. దాన్ని గంటల తరబడి పిండేత్తే ఇలాగే అవుద్ది. కొత్తది ఏయించుకో."

"ఒకటి పోతే ఒకటే మార్సు. అయిదు బాగున్నవాటిని పారేత్తానేటి?"

"మారుత్తాను. అయిదుగురు ముసలోళ్లతో ఒక పడుచోడిని కాడికి కట్టినట్టుంటది. ఆడి బలం కూడా ఈళ్లే తినేత్తారు. పూచీ మాత్రం నాది కాదు."

"ఎన్నాళ్లాగుద్ది?"

"జాగర్తగా వాడితే రెండు నెల్లు. ఇంక టీవీకి మాత్రం ఎట్టకండి. ఒక్క రాత్రి కూడా వద్దు."

మా ఆయన నా వైపు చూశాడు. కొత్తదానికయ్యే దాంట్లో అయిదో వంతుతో పని అయిపోతుంది. మిగిలిన డబ్బుతో పెద్ద ఐసుపెట్టె కొనొచ్చని నా బుర్రలో లెక్క తిరిగింది. నెల్లాళ్లు గడిస్తే చాలు, ఆర్డరు చేతికొచ్చాక కొత్త బ్యాటరీయే వేయించుకోవచ్చు. వద్దు, కొత్తదే వేయించు అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. ఈ కథలో మా ఆయన్ని ఎంత తిట్టుకున్నా, ఆ చోటుకొచ్చేసరికి నా నోరు పడిపోతుంది.

కామరాజు ఇనుప కడ్డీ కాల్చి తారు గీకేశాడు. చచ్చిన సెల్లులోంచి పలకల కట్ట పైకి లాగాడు. అవి తెల్లగా, ఉప్పు పేరుకున్నట్టున్నాయి. వేరే లారీ బ్యాటరీలోంచి తీసిన కట్ట అందులో దించి, సీసం కరిగించి అతికి, మళ్లీ తారు పోశాడు. మర్నాడు అతనే వచ్చి బండికి బిగిస్తే, మొదటి తిప్పుకే లేచింది. మా ఆయన దాన్ని తానే కన్నట్టు మురిసిపోయాడు. నేను ఐసుపెట్టె కొనుక్కొచ్చాను.

వేట తెరిచాక మొదటి బోట్లు తిరిగొచ్చిన ఉదయం హార్బరు జాతరలా ఉంది. అరవై కిలోల వంజరం, పారలు ఏరి కొన్నాం. కొత్త ఐసుపెట్టెలో సర్దుకుని ఎనిమిది మందిమీ బండెక్కాం. మా ఆయన హార్బరులో ఎక్కడా ఇంజిన్ ఆపలేదు. డీజిల్ ఎందుకు తగలేస్తున్నావంటే వినిపించుకోలేదు. జాగ్రత్త అనుకున్నాను.

ఆరున్నరకి ప్లాంటు గేటు దగ్గరికి చేరాం. లోపలికెళ్లే ప్రతి బండీ ఇంజిన్ ఆపి తనిఖీ చేయించుకోవాలి. కాపలా ఆయన కర్రతో బానెట్టు తట్టి, "ఆపు" అన్నాడు.

"ఆపకండా సూసుకోండి బాబూ" అని మా ఆయన బతిమాలాడు.

"రూలు. ఆపు."

ఆపాడు. పాసులు చూశారు, ఐసుపెట్టె మూత తీసి చూశారు, వెళ్లమన్నారు. మా ఆయన తాళం తిప్పాడు. టక్కుమంది. మళ్లీ తిప్పాడు. ఈసారి అది కూడా అనలేదు.

వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. నేను దిగి వెళ్లి బానెట్టు ఎత్తాను. బ్యాటరీ మీద తీగ బిగించే క్లిప్పుకి నట్టు లేదు. దాని బదులు వల కుట్టే నైలాను దారంతో గట్టిగా కట్టి ఉంది. కామరాజు నట్లు బిగించడం నా కళ్లతో చూశాను.

"ఇది ఎవులు ఇప్పేరు మావా?" అన్నాను.

మా ఆయన నా మొహం చూడలేదు. "రాత్రి ఆకరి ఆట కదే, నువ్వు అప్పుటికే పడుకున్నావు. అంతా వొచ్చేరు. కరెంటు పోయింది. ఒక్క గంటే అనుకున్నాం, ఆకరి బంతి దాకా ఎల్లిపోయింది. నట్టు సీకట్లో ఎక్కడో పడిపోయింది. పొద్దున్న మీరు రాకముందే పల్లంలో దొర్లించి లేపేను."

తిట్టడానికి కూడా టైము లేదు. ఎనిమిది మందిమీ కొంగులు బిగించి బండిని వెనక్కి, మలుపు దాటించి రోడ్డు మీదకి తోశాం. నూకాలత్త కూడా తోసింది. అక్కడ నేలంతా చదును, ఒక్క పల్లం లేదు. నాలుగుసార్లు తోస్తే నాలుగుసార్లూ దగ్గి ఆగిపోయింది. అయిదోసారి రోడ్డున పోయే నలుగురు కూలీలు చెయ్యి వేస్తే లేచింది. మళ్లీ గేటు, మళ్లీ వరస. ఈసారి కాపలా ఆయనే జాలిపడి ఇంజిన్ ఆపకుండా పంపాడు. క్యాంటీను చేరేసరికి ఎనిమిదీ ఇరవై.

కృష్ణంరాజు గారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"గుడ్లు తెప్పించేశానమ్మా" అన్నాడు. "ఆరువందల మంది పన్నెండింటికి కంచాల ముందు కూర్చుంటారు. వాళ్లకి మీ బ్యాటరీ కథ వడ్డించమంటావా?"

"ఒక్క రోజు బాబూ. రేపట్నుంచి..."

"ఈవేళ మొదటి రోజు" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ చేపలు గాజువాక వీధుల్లో ఎండలో తిరిగి సగం ధరకి అమ్ముకున్నాం. దారిలో మా ఆయన మెల్లగా నోరు విప్పాడు. "దిగులు పడకే. ఇంకా అయిదు సెల్లులే కదా. నెలకొకటి సొప్పున మార్పించేత్తే కొత్త బేటరీ కింద లెక్క" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. అప్పుడు నాకున్న కోపానికి ఆయన్ని సముద్రంలో ముంచినా తప్పు లేదనిపించింది.

నాలుగో రోజు నూకాలత్త మా ఇంటికొచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప దగ్గరే కూర్చుంది.

"ఒలే దేవీ, జగ్గయ్య ఆ మేనేజరు కాడికి ఎల్లేడట" అంది. జగ్గయ్య అంటే మా పేటలో రెండు బోట్ల ఆసామి, కొత్తగా వ్యాను కొన్నాడు. "ఆర్డరు ఆడికిచ్చేరు. మా ఏడుగుర్నీ సేపలేరి, కోసి ఇవ్వడానికి రమ్మన్నాడు. రోజు కూలీ. గంప మొయ్యక్కర్లేదు."

"ఆ మేనేజరు సుట్టూ తిరిగింది నాను అత్తా."

"నీ మీద మాకు కోపం లేదే. మోకాళ్లు సూడు నావి." మోకాళ్లు రుద్దుకుంటూ మళ్లీ అంది. "నువ్వూ రా. కూలికైతే మా ఏడుగురే సాలన్నాడు గాని, గాజువాకలో అమ్ముకోడానికి బండిలో సోటిత్తాడట. సీటుకి పది రూపాయలు."

రెండు రోజులు బిగుసుకుని ఇంట్లో కూర్చున్నాను. మూడో రోజు బియ్యం డబ్బా అడుగు కనిపించింది. మా బండి వీధి చివర అలాగే నిలబడి ఉంది. మా ఆయన నాలుగు రోజులుగా తెల్లారకుండానే ఎటో పోతున్నాడు, అడిగితే పని వెతుక్కుంటున్నానంటాడు. నేను గంప తీసుకుని హార్బరుకి వెళ్లి, చేపలు కొనుక్కుని, జగ్గయ్య వ్యాను వెనక ఎక్కాను. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు.

జగ్గయ్యకి బోటు తప్ప బండి నడపడం రాదు. ఎవరినో డ్రైవరుగా పెట్టుకున్నాడని విన్నాను. ముందు తలుపు తెరుచుకుంది, డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు. మా ఆయన. తాళం తిప్పితే ఇంజిన్ చప్పున అందుకుంది. వెనక్కి తిరిగాడు, నన్ను చూశాడు. సిగ్గుపడతాడేమో అనుకున్నాను. మొహం వెలిగిపోతోంది.

"సూసేవా దేవీ, ఒక్క తిప్పుకే. కొత్త బేటరీ అంటే అదీ."

తర్వాత గొంతు తగ్గించి, "సీటు డబ్బులు ఎవులి కాడైనా ముందే తీసుకోమన్నాడు జగ్గయ్య" అని సీటు మీదుగా చెయ్యి చాపాడు.

నేను పది రూపాయల నోటు అందించాను. మా ఆయన తీసుకున్నాడు.