ఇసుక మీద పాచి

నా రాతలో ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడ తప్పి ఉంటాయి, మన్నించండి. మా ఆయన పోయాక, యాభై ఏడో ఏట అక్షరాలు దిద్దినదాన్ని. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. ఇది మా పక్కింటి నీలమ్మ సంగతి. ఆమె చెప్పగా విన్నాను, రాయమంటే రాస్తున్నాను.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దిగగానే ఎడమవైపు, టైర్ల దుకాణం పైన, డాక్టర్ ఉదయశ్రీ పళ్ళ ఆసుపత్రి ఉంది. నీలమ్మ అక్కడ పదకొండేళ్ళుగా ఆయా పని చేస్తోంది. మొన్న ఒక మంగళవారం తొమ్మిదిన్నరకు తాళం తీసి, లైట్లు వేసి, చీపురు అందుకోబోతూ అలవాటు ప్రకారం గాజు తొట్టెలోకి చూసింది. చీపురు మీదికి పోతున్న చేయి అక్కడే ఆగింది.

ఎర్ర చారల రొయ్య ఇసుక మీద పక్కకు ఒరిగి పడి ఉంది. కాళ్ళు మాత్రం సన్నగా వణుకుతున్నాయి. అద్దాన్ని పట్టుకొని పాకే నత్తలు ఐదూ కిందికి రాలి వెల్లకిలా పడి ఉన్నాయి.

ఆ తొట్టె వచ్చి నెల దాటింది. మూరెడు పొడవు కూడా ఉండదు గాని అందులో ఉన్నది ఉప్పునీళ్ళు, సముద్రపు జీవాలు. పన్ను పీకించుకోవడానికి వచ్చి వణికేవాళ్ళు దాని ముందు కూర్చుంటే కాస్త నెమ్మదిస్తారని డాక్టరమ్మ పెట్టించింది. పెట్టినవాడు బాలరాజ్, అఫ్జల్‌గంజ్‌లో చేపల దుకాణం నడుపుతాడు. అడుగున తెల్లటి ఇసుక, రెండు రాళ్ళు, రాళ్ళకు అంటించిన నాలుగు పగడపు మొలకలు, నారింజరంగు చేపల జంట, ఈ రొయ్య, ఈ నత్తలు.

మూడో వారంలో ఇసుక మీద కాఫీపొడి చల్లినట్టు ఒక పొర లేచింది. రెండు రోజుల్లో ఇసుకంతా గోధుమరంగుకు తిరిగింది. బాలరాజ్ శుద్ధి చేసిన నీళ్ళ క్యాన్ తెచ్చి, తొట్టె చూసి నవ్వాడు.

"కొత్త తొట్టెకు ఇది వస్తది అక్కా. పసిపిల్లకు పండ్లొచ్చేటప్పుడు జరమొచ్చినట్టు. ఇసుకల ఉన్న మేత అయిపోతే దానంతటదే పోతది. నత్తలు గూడ మేస్తయి. ఎంత నీళ్ళు ఆవిరైతే అంత, ఈ క్యాన్ల నీళ్ళు పొయ్యి. నల్లా నీళ్ళు మాత్రం పొయ్యకు. ఇంకేం చెయ్యకు."

ఇంకేం చెయ్యకు అన్న మాటే నీలమ్మకు మింగుడు పడలేదు. ఆసుపత్రిలో ఏ మూల మురికి కనిపించినా అది తన ముఖానికి అంటినట్టే అనుకునే మనిషి. పైగా కరెంటు ఆఫీసు రాజన్న వాచిన దవడ పట్టుకొని కూర్చొని కూడా ఊరుకోలేదు.

"నీలమ్మా, మా పండ్ల పాచి గీకనీకి ఇంత పెద్ద దవాఖాన పెట్టిన్రు. మీ చేపల ఇంట్ల పాచి ఎవలు గీకుతరు?"

బెంచీ మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. నీలమ్మ ఆ పూటే పొడుగాటి స్పూనుతో ఇసుకను కలియబెట్టింది. పొర కిందికి పోయి ఇసుక తెల్లబడింది. మధ్యాహ్నానికి లైటు వేడికి మళ్ళీ పైకి తేలింది. మర్నాడూ అంతే. అప్పుడు ఆమె అనుమానం నీళ్ళ మీదికి పోయింది. ప్లాస్టిక్ క్యాన్లో ఎన్నాళ్ళ నుంచి ఉన్న నీళ్ళో, ఆ నీళ్ళకు బలం ఎక్కడిది? ఆమె ఇంట్లో తాగే నీళ్ళు రాగి బిందెలో పోసి ఉంచుతారు. రాగిలో ఉన్న నీళ్ళకు పురుగు పట్టదని వాళ్ళ అత్త చెప్పేది. మర్నాడే బిందె తెచ్చి, చింతపండూ ఉప్పూ వేసి తళతళలాడేలా తోమి, క్యాన్ నీళ్ళన్నీ అందులో పోసి, వెనక గదిలో బట్ట కప్పి పెట్టింది. రోజూ పొద్దున చెంబెడు తొట్టెలో పోసింది. అలా ఆరు రోజులు. ఎవరికీ చెప్పలేదు. ఇసుక తెల్లబడ్డాక డాక్టరమ్మ ఆశ్చర్యపోయి అడిగితే అప్పుడు చెప్పాలని.

ఇప్పుడు డాక్టరమ్మ పది గంటలకు వచ్చి, తొట్టె చూసి, బ్యాగు కూడా దించకుండా బాలరాజ్‌కు ఫోను చేసింది.

"మీరు పోయిన వారం కొత్త ఉప్పు కలిపారు కదా? అప్పటినుంచే ఏదో తేడా ఉంది. రొయ్య పడిపోయింది. నత్తలన్నీ... ఏంటి? రాగా?" ఆమె ఫోను చెవికి ఆనించుకొనే నీలమ్మ వైపు తిరిగింది. "తొట్టెకు రాగి, ఇత్తడి ఏమైనా తగిలాయా అంటున్నాడు. తీగ ముక్కో, పైసలో. ఇక్కడ అవెందుకుంటాయి?" మళ్ళీ ఫోనులో, "ఏమీ తగల్లేదు బాలరాజ్. మీ ఉప్పు సంగతే చూసుకోండి."

నీలమ్మ తుడుపు బట్ట కోసం వెళ్ళినట్టు వెనక గదిలోకి వెళ్ళింది. బిందెలో మిగిలిన నీళ్ళను నీలం బకెట్‌లోకి వంచింది. ఖాళీ బిందెను బీరువా వెనక్కి తోసి, గోనెపట్టా కప్పింది. చేతులు తడిగానే ఉన్నాయి, చెంగుకు తుడుచుకుంది. అయిపోయింది, ఇక రాగి లేదు, అనుకుంది. ఇవాళ్టి నుంచి క్యాన్ నీళ్ళు క్యాన్లోనే ఉంచుతాను. ఎవరికీ తెలియనవసరం లేదు.

బాలరాజ్ స్కూటరు మీద పదకొండుకల్లా వచ్చాడు. సీలు తీయని ఉప్పు సంచి ఒకటి, రబ్బరు గొట్టం, బొగ్గు పొడి నింపి కుట్టిన చిన్న సంచి తెచ్చాడు. తొట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఇదే ఉప్పు మేడం, ఇరవై ఇండ్లల్ల వాడుతున్నరు. ఎక్కడా గిట్ల కాలే."

"ఇరవై ఇళ్ళ సంగతి నాకు తెలియదు. నా కళ్ళముందు ఇవి చస్తున్నాయి. మీ మాట నమ్మి పెట్టుకున్నాను."

"చేపలు మంచిగనే ఉన్నయి. రొయ్యకు, నత్తకే తగిలింది. చూస్తే రాగి పని లెక్కనే ఉంది గని, మీరేమో లేదంటున్నరు." అతను తల వంచుకున్నాడు. "నా తప్పు ఉంటే మొత్తం తీసుకపోత. ముందుగాల సగం నీళ్ళు మార్చాలె. జల్ది చేస్తే బతుకుతయేమో. అక్కా, క్యాన్ల నీళ్ళున్నయా?"

"ఉన్నయి," అంది నీలమ్మ. "బకెట్ల పోసిన."

"మంచిగ చేసినవ్."

అతను వెనక గదిలోకి పోయి నీలం బకెట్ తెచ్చాడు. ఉప్పు పోసి కలిపాడు, కొలిచాడు, ఇంకొంచెం పోసి మళ్ళీ కొలిచాడు. గొట్టం పెట్టి తొట్టెలో సగం నీళ్ళు తోడేశాడు. నీళ్ళు దిగినకొద్దీ రాళ్ళు బయటికి తేలి, మెత్తటి పగడపు మొలకలు వాటి మీద ముడుచుకుపోయాయి. నారింజ చేపలు మూలకు చేరాయి. రొయ్య ఒక్కసారి తోక విదిలించింది.

నీలమ్మ గోడకు ఆనుకొని చూస్తోంది. బకెట్‌లో నీళ్ళు అద్దంలా ఉన్నాయి, ఏ రంగూ లేదు, ఏ వాసనా లేదు. బాలరాజ్ బకెట్ పిడి పట్టుకున్నాడు.

"బాలరాజ్ తమ్మీ. ఒక మాట."

"చెప్పు అక్కా."

"రాగిల ఉన్న నీళ్ళను ప్లాస్టిక్‌ల పోస్తే... రాగి పోతదా?"

"ఎట్ల పోతది? చక్కెర చాయ్ వేరే కప్పుల పోస్తే తీపి పోతదా?" అంటూ బకెట్ ఎత్తాడు. ఎత్తినవాడు ఆగి, ఆమె ముఖంలోకి చూశాడు.

నీలమ్మ రెండు చేతులతో బకెట్ అంచు పట్టుకుంది. "పొయ్యకు. ఆ నీళ్ళు నా బిందెలయి."

బయట బెంచీ మీద ముగ్గురు రోగులు కూర్చున్నారు. వాళ్ళు కూడా ఇటు తిరిగారు. డాక్టరమ్మ తన గది గుమ్మంలో చేతి తొడుగులతో నిలబడి ఉంది.

"ఎన్ని రోజులు?" అంది.

"ఆరు రోజులు. రోజుకో చెంబు."

"ఎందుకు?"

"పాచి పోతదని. రాగిల నీళ్ళకు పురుగు పట్టదని మా అత్త చెప్పేది."

బాలరాజ్ బకెట్ నెమ్మదిగా కిందపెట్టాడు. "మీ అత్త చెప్పింది అబద్ధం కాదు అక్కా. రాగి పురుగును చంపుతది. దాని లెక్కకు ఈ రొయ్య, ఈ నత్త గూడ పురుగులే."

డాక్టరమ్మ బాలరాజ్ వైపు చూడలేకపోయింది. నీలమ్మ వైపే చూస్తూ అంది. "ఇతన్ని ఇందాకటి నుంచి నిలబెట్టి మాటలన్నాను. నువ్వు విన్నావు."

"విన్న."

"పదకొండేళ్ళ నుంచి ఈ తాళంచెవి నీ దగ్గరుంది నీలమ్మా."

"నోరు రాలేదమ్మా."

తొట్టెలో సగం నీళ్ళే ఉన్నాయి. మోటారు గాలి పీలుస్తూ గరగరమంటోంది. బాలరాజ్ దాని స్విచ్ తీసేశాడు. "మేడం, తిట్టుడు తర్వాత. నాకు శుద్ధమైన నీళ్ళు ఇరవై లీటర్లు కావాలె. దుకాణంకు పోయి వచ్చేసరికి గంటన్నర. అంతసేపు ఇవి ఆగయి."

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. పళ్ళ పనిముట్లకు ఆవిరి పట్టే యంత్రానికి వాడే శుద్ధి చేసిన నీళ్ళు అయిదు లీటర్ల డబ్బాలు నాలుగు ఉన్నాయి. అవి వాడేస్తే సాయంత్రం కొత్త డబ్బాలు వచ్చేదాకా యంత్రం నడవదు, ఒక్క పన్ను కూడా పీకడానికి లేదు.

"తెచ్చెయ్యి నీలమ్మా. నాలుగూ."

నీలమ్మ డబ్బాలు మోసుకొచ్చింది. తర్వాత ఆమే బెంచీ దగ్గరికి వెళ్ళి ముగ్గురికీ చెప్పింది. "సాయంత్రం రాన్రి. ఇయ్యాల పొద్దుటి పని ఆగింది. నా వల్లనే ఆగింది." ఒకాయన దవడ పట్టుకొని గొణుక్కుంటూ లేచాడు. మిగతా ఇద్దరు చేపల్ని వంగి చూసి వెళ్ళారు.

కొత్త ప్లాస్టిక్ టబ్బులో మళ్ళీ ఉప్పు కలిసేదాకా బాలరాజ్ తొందరపడలేదు. అదే అందరికంటే నీలమ్మకు కష్టంగా ఉంది. ఉప్పు కరగాలి, కొలత కుదరాలి, నీళ్ళు గది వేడికి రావాలి. ఆ పదిహేను నిమిషాల్లో రొయ్య కాళ్ళు రెండుసార్లు ఆగి మళ్ళీ కదిలాయి. నీళ్ళు పోసేటప్పుడు గొట్టం కొస నీలమ్మ చేతికిచ్చాడు. "ఇసుకకు తగలనియ్యకు. అద్దం మీదికెళ్ళి దిగాలె." ఆమె రెండు చేతులతో పట్టుకుంది. నీళ్ళు నిండాక మోటారు మళ్ళీ వేసి, బొగ్గు సంచిని దాని దగ్గర కట్టి, మిగిలిన రాగిని అది పట్టుకుంటుందని చెప్పాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. డాక్టరమ్మ, "బాలరాజ్, నేను అన్న మాటలు..." అంది. "దుకాణంల రోజూ మాటలు పడుతనే ఉంట మేడం," అని దిగిపోయాడు.

ఒంటిగంటకు డాక్టరమ్మ ఇంటికి వెళ్ళింది. నీలమ్మ వెళ్ళలేదు. అన్నం డబ్బా తెచ్చుకుంది గాని మూత తీయలేదు. రెండు దాటాక ఒక నత్త మూత కొంచెం తెరిచి, మెత్తటి పాదం బయటికి చాపింది. నీలమ్మ వేలితో దాన్ని బోర్లా తిప్పింది. అది ఇసుకను పట్టుకుంది. ఇంకొంతసేపటికి మరో రెండు. మూడు గంటల ప్రాంతంలో రొయ్య కాళ్ళు ఆగాయి. ఈసారి మళ్ళీ కదల్లేదు. ఒక నారింజ చేప దగ్గరికి వచ్చి మూతితో పొడిచి చూసి వెళ్ళిపోయింది.

బతికి లేనివాటిని ఉంచితే మిగతావాటికి చేటని బాలరాజ్ చెప్పి పోయాడు. నీలమ్మ చేయి కడుక్కొని, సబ్బు వాసన పోయేదాకా మళ్ళీ కడుక్కొని, రొయ్యను అరచేతిలోకి తీసింది. ఎంత తేలికో. వాసన వేస్తున్న రెండు నత్తలను కూడా తీసింది. వాటిని చెత్తబుట్టలో వేయబుద్ధి కాలేదు. మెట్ల కింద తులసి డబ్బాలో మట్టి తవ్వి పెట్టింది.

అయిదు గంటలకు డాక్టరమ్మ వచ్చి తొట్టె ముందు నిలబడింది.

"రొయ్య పోయిందమ్మా. రెండు నత్తలు పోయినయి. మూడు బతికినయి."

డాక్టరమ్మ తల ఊపింది. మిగిలిన మూడింటినీ వంగి చూసి అడిగింది. "రేపు నీళ్ళు ఎవరు పోయాలి?"

"మీరు ఎవర్ని చెప్తే వాళ్ళు. తాళంచెవి గూడ..." నీలమ్మ కొంగు ముడి విప్పబోయింది.

"ఉండనీ. నువ్వే పొయ్యి. క్యాన్లోంచి తిన్నగా తొట్టెలోకి, మధ్యలో ఏ గిన్నే వద్దు. ఏం చేసినా, చేసే ముందు నాకు చెప్పు. మంచి పనైనా సరే."

"మరి ఇసుక?"

"అలాగే ఉండనీ."

ఆరు కావస్తుండగా రోగులు రావడం మొదలైంది. నీలమ్మ పేర్లు రాసి, కుర్చీలు జరిపి, మధ్యమధ్యలో తొట్టె వైపు చూసింది. పాచి పొద్దుటి కంటే చిక్కగా ఉంది, అద్దం అంచు దాకా పాకింది. కొత్తగా వచ్చిన ఒకావిడ ముక్కు మీద వేలేసుకొని, "గింత గలీజు పెట్టుకున్నరేందమ్మా, కడుగరాదా?" అంది.

నీలమ్మ చేయి దానంతట అదే స్పూను వైపు కదిలింది. ఆ చేతిని వెనక్కి తీసుకొని, రెండో చేత్తో పట్టుకొని కూర్చుంది.

"కడుగొద్దక్కా," అంది. "నత్తలు తింటున్నయి."

— సత్తెమ్మ, అరవై రెండేళ్ళు, ఇప్పుడు ఉంటున్నది జహనుమా, హైదరాబాదు.