గొంతు మార్చని వీడియో

ఆ పత్రికలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న విలేఖరిని ఆఫీసులో అందరూ అక్కా అనే పిలిచేవారు. ఆ పిలుపును నిజం చేసింది మాత్రం ఫొటోగ్రాఫరు ఒక్కడే. పన్నెండేళ్లు ఇద్దరూ ఒకే స్కూటరు మీద తిరిగారు. వానలో తడిసినా, తన్నులు తప్పించుకుని పరిగెత్తినా కలిసే. "మా ఇంట్లో నాకంటే మీ తమ్ముడికే ముందు కాఫీ అందుతుంది" అని ఆమె భర్త వేళాకోళమాడేవాడు.

పత్రిక మనుషుల్ని తగ్గించుకున్నప్పుడు ఫొటోగ్రాఫరు ఉద్యోగం పోయింది. నెలరోజులు ముఖం వేలాడేసుకుని తిరిగి, చివరికి ఒక ఫోనూ రెండు లైట్లూ పెట్టుకుని సొంత చానెల్ మొదలుపెట్టాడు. కెమెరా ముందు ఎలా మాట్లాడాలో, ఎక్కడ ఆపాలో నేర్పింది ఆమే. మొదట్లో చూసేవాళ్లు నలభైమంది, అందులో సగం ఆమె చుట్టాలే. రెండేళ్లు తిరిగేసరికి పత్రిక కొనేవాళ్లకంటే అతన్ని చూసేవాళ్లే ఎక్కువయ్యారు. ఆమె సొంత తమ్ముడు గెలిచినంతగా పొంగిపోయింది.

ఆ రోజుల్లోనే స్కూలు బస్సుల షెడ్డులో పనిచేసే మెకానిక్కు ఒకాయన ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. అరిగిన బ్రేకులు మార్చకుండానే మార్చినట్టు రాసేస్తున్నారని చెప్పాడు. ఆయనకు కాస్త నత్తి.

"ఎ... ఎవరి పిల్లలైనా పిల్లలే కదమ్మా. కానీ చెప్పింది నేనని తెలిస్తే మా ఇంట్లో పొయ్యి వెలగదు."

"తెలియదు. మాటిస్తున్నాను" అందామె. ఆయన చెప్పింది తన ఫోనులో వీడియోగా రికార్డు చేసుకుంది.

ఆరు నెలలు తిరిగి కాగితాలన్నీ సంపాదించింది. ఎడిటరు చదివి, సొరుగులో పెట్టాడు. "ఆ బస్సుల కంపెనీ ప్రకటన రోజూ మొదటి పేజీలో ఉంటుంది. కాస్త ఆగుదాం."

ముఖం మసక చేయడం, గొంతు మార్చడం ఆమెకు చేతకాదు. ఆ రెండూ చేసి ఉంచితే ఎప్పటికైనా పనికొస్తుందని ఆ రికార్డింగు ఫొటోగ్రాఫరుకిచ్చింది. 

"నా చానెల్లో వేసేద్దామక్కా" అన్నాడతను. 

"ఇప్పుడే వద్దు. పాపం ఆయన ఇంకో చోట పని చూసుకుంటున్నాడు. అందాకా ఆగు." 

"నువ్వెలా అంటే అలాగే."

ఎనిమిదో రోజు పొద్దున్నే కూతురు ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, ఇది నువ్వు చేసిందే కదా?"

తెర మీద ముఖం మసకగానే ఉంది. గొంతు మాత్రం ఆయనదే, నత్తితో సహా. చివర్లో ఫొటోగ్రాఫరు కనిపించి, "ఇది నా ఆరు నెలల పరిశోధన" అన్నాడు. రాత్రి పెట్టిన ఆ వీడియోను అప్పటికే మూడు లక్షలమంది చూశారు. ఆమె స్టవ్ కట్టేసి బయల్దేరింది.

గంటలో అతని గదిలో ఉంది.

"గొంతెందుకు మార్చలేదు?"

"మారిస్తే బొమ్మల సినిమాలా ఉంటుందక్కా, ఎవరూ నమ్మరు. పదకొండు బస్సులు ఆగిపోయాయి, తెలుసా? మీ ఎడిటరు సొరుగులో ఉంటే ఒక్కటైనా ఆగేదా?"

అది అబద్ధం కాదు. అందుకే ఆమెకు మరీ మండింది.

"నాకు చెప్పి వెయ్యొచ్చుగా."

"చెబితే వద్దనేదానివి" అన్నాడతను తల వంచుకుని.

ఆమె లేచి వచ్చేసింది.

మెకానిక్కును ఆ పూటే పనిలోంచి తీసేశారు. ఆమె వెళ్లేసరికి ఆయన గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు.

"నేను వేయలేదండీ. నా తమ్ముడనుకున్నవాడు..."

"నేను మీ... మీకు చెప్పాను. మీరు ఆయనకిచ్చారు. ఇచ్చేముందు నన్నడిగారా?"

తనకు వెన్నుపోటు పడిందని ఏడుస్తూ వచ్చిన మనిషి, "అడగలేదు" అని వెనుదిరిగింది.

సాయంత్రం ఎడిటరే ఫోన్ చేశాడు. "ఊరంతా అదే గోల. నీ దగ్గరున్నది రాసెయ్యి, మొదటి పేజీ." ఆమె రాసింది. ఈ వార్తను పత్రిక తొక్కిపెట్టిందనీ, మనిషిని కాపాడతానన్న మాట తాను నిలబెట్టుకోలేదనీ మొదటి పేరాలోనే రాసింది. ఎడిటరు ఆ పేరా కొట్టేశాడు. ఆమె మిగతాదీ వెనక్కి తీసుకుని, కాగితాలన్నీ బస్సుల మీద విచారణకు ప్రభుత్వం వేసిన అధికారికి స్వయంగా అప్పగించింది. కంపెనీ అనుమతి రద్దయింది. మెకానిక్కు ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు.

ఆ నెలలో ఫొటోగ్రాఫరు చానెల్‌కు పది లక్షలమంది చేరారు. సంబరం వీడియోలో "నాకు పని నేర్పిన అక్కకు" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు నిజమైనవేనని ఆమెకు తెలుసు. అయినా చివరిదాకా చూడలేకపోయింది.

మెకానిక్కుకు ఊరి అవతల ఎక్కడో పని దొరికిందని విని ఫోన్ చేసింది. ఆయన భార్య ఎత్తింది.

"పనిలో ఉన్నారమ్మా. ఇకమీదట మీరు చెయ్యొద్దన్నారు."

"సరేనమ్మా" అంది ఆమె.