నాలుగు వేళ్ళ సందు

మా బావకు టైర్ల పిచ్చి పట్టింది. అడవి దారుల్లో తిరిగే తన పాత జీపుకు రెండు సైజులు పెద్దవి వేయించుకుని దర్జాగా మా రిపేరు షెడ్డుకొచ్చాడు. అబద్ధమెందుకు, జీపుకు రాజసం వచ్చిన మాట నిజమే. కానీ స్టీరింగు తిప్పితే ఎడమ టైరు దాని మీద కప్పిన రేకు ఫెండరును గీరుతోంది. కుడివైపు టైరుకూ ఫెండరుకూ మధ్య నాలుగు వేళ్ళు దూరుతున్నాయి. ఎడమవైపు రెండే.

"రెండు ఫెండర్లూ రెండేసి అంగుళాలు కోసెయ్, పీడా పోతుంది" అన్నాడు బావ.

నాకు ఒళ్ళు మండింది. మూడేళ్ళ కిందట ఈ జీపును మేమే బాగుచేశాం. ఆ ఫెండర్లు నాన్న రేకును సుత్తితో కొట్టి తయారుచేసినవి. టేపు పట్టని మనిషి, వేళ్ళే ఆయన కొలత. బిగించాక ఎడమ సందులో వేళ్ళు పెట్టి, కుడికంటే ఇరుకని తెలిసి, "నా కన్ను పోయిందిరా" అన్నాడు. ఆ రోజు నుంచి సుత్తి ముట్టలేదు. షెడ్డు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని, అడిగినవాళ్ళకు బోల్టులు ఏరిస్తూ పొద్దుపుచ్చుతున్నాడు. చిన్న టైర్లున్నన్నాళ్ళూ ఆ వంకర ఇంకెవరి కంటా పడలేదు. ఇప్పుడు కోస్తే, నాన్న పని తప్పని నేనే ముద్ర వేసినట్టు.

నేను నసుగుతుంటే బావ నవ్వి, కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నాడు. గుమ్మంలోంచి నాన్న తల ఎత్తకుండానే కోసెయ్యమన్నాడు.

కోసే ముందు రెండు ఫెండర్లూ విప్పి, బల్ల మీద వీపుకు వీపు ఆనించి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. నమ్మలేక మళ్ళీ చూశాను. ఫెండరు సరిగ్గా ఉంటే మరి వంకరెక్కడ? లైటు పట్టుకుని జీపు కిందికి దూరాను. ఛాసిస్‌ అనే కింది చట్రానికీ పైనున్న బాడీకీ మధ్య ప్రతి బోల్టు దగ్గరా ఒక గుండ్రటి రబ్బరు దిమ్మ ఉండాలి. ముందువైపు ఎడమ మూలలో మాత్రం లేదు. ఇనుము మీద ఇనుము కూర్చుని, బాడీ ఆ మూలకు దిగిపోయింది.

ఆ బాడీని బిగించింది నేనే. సగం బోల్టులు పెట్టేసరికి, నాకు కూతురు పుట్టిందని ఫోనొచ్చింది. చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా పరుగెత్తాను. మర్నాడు వచ్చి, అందరికీ పాప ముక్కు గురించి చెబుతూ మిగతావి బిగించాను. నేల మీద ఒక దిమ్మ కనిపిస్తే ఎక్కడిదని కూడా ఆలోచించలేదు. నాన్న స్టూలు ఒక కాలు పొట్టై కుంటుతుంటే, దాని కింద పెట్టాను.

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ సిగ్గును మించి, గుండెల మీంచి బండ దిగినట్టయింది. నాన్న కన్ను పోలేదు. బయటికొచ్చి ఆయన ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

నాన్న లేచి, స్టూలు ఎత్తి, దిమ్మ తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"సంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మామయ్యా" అన్నాడు బావ.

దిమ్మ పెట్టి, ఫెండర్లు బిగించాం. నేను సందు చూడబోతే నాన్న నా చెయ్యి తోసేశాడు. జాకీ మీద చక్రం వేలాడుతుంటే ఏ జీపు సందైనా అందంగానే ఉంటుంది, ముందు దించమన్నాడు. దించాక స్టీరింగు ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పించాడు. టైరు ఎక్కడా తగల్లేదు. వంగి ఎడమ సందులో వేళ్ళు పెట్టాడు. నాలుగు. కుడివైపుకు నడిచి వెళ్ళి పెట్టాడు. నాలుగు. తర్వాత పది అడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి, జీపును చాలాసేపు చూశాడు.

"నువ్వు పుట్టిన రోజు నేను లారీ బాడీ మొత్తం బిగించి మరీ వచ్చాన్రా" అన్నాడు చివరికి. "నా సుత్తి ఎక్కడ పెట్టావు?"

సాయంత్రం దాకా స్టూలు గుమ్మంలో ఓ పక్కకు ఒరిగే ఉంది. దాని మీద ఎవరూ కూర్చోలేదు.