గుడ్డు గుండ్రమైన రోజు

కాస్త ఆగండి, పనులు ఎక్కడికీ పోవు, ముందు పాల్‌రాజ్ సంగతి వినండి.

చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లోని పెళ్లికార్డుల ప్రెస్సులో పాల్‌రాజ్ కంప్యూటర్ ఆపి, మళ్లీ వేసి, బొటనవేలితో బల్ల అంచు గోకుతున్నాడు. సన్నటి మనిషి, కాలరు కింద మడతపెట్టిన చేతిగుడ్డ, ముక్కు కొసకు జారిన కళ్లజోడు. చాలామంది పేరైనా వినని ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మీదే, మీసం నల్లగా ఉన్నప్పటినుంచీ కార్డులు కూరుస్తున్నాడు.

పాత మానిటర్ పోయి వెడల్పాటి కొత్తది వచ్చింది. దాని కొలతలు తెలియని సిస్టమ్ పాత బొమ్మనే అడ్డంగా సాగదీసి చూపించింది. పెళ్లికొడుకు ఫొటో చుట్టూ ఉన్న వలయం పడుకున్న గుడ్డులా కనపడితే, పాల్‌రాజ్ నిన్న దాన్ని పక్కలు నొక్కి గుండ్రంగా చేశాడు. అచ్చులో గుడ్డు లేచి నిలబడింది.

"ఏందన్నా, పెళ్లికొడుకు సొరకాయ మాదిరి ఉండాడే," అన్నాడు యజమాని చిన్నబాబు. "సాయంత్రానికి సరిగా రాకుంటే ఆ పెట్టె పాత సామానుకే. నువ్వు ఆ డిజైన్ల పాప పక్కన కూర్చోని కొత్తది నేర్చుకో."

"సరి మొదలాళీ." యజమానిని పాల్‌రాజ్ అరవంలో అలాగే పిలుస్తాడు.

కొత్త తెర వెడల్పు, ఎత్తు సెట్టింగుల ఫైల్లో చేత్తో రాశాడు. తెర నల్లబడింది. సరిచేసి రాశాడు. మళ్లీ నలుపే. పక్క సీట్లో డిజైన్లు చేసే గుంటూరు పిల్ల నీహారిక కుర్చీతో సహా జరిగి వచ్చింది.

"సెకనుకి అరవైసార్లు బొమ్మ పంపమంటున్నారు అంకుల్. మీ పాత కేబుల్‌కి అంత ఓపిక లేదు. ముప్పై పెట్టండి."

"ముప్పైకి కదుల్తాదా పాపా?"

"కదుల్తుంది. నిదానంగా, మీలాగే."

కదిలింది. గీతలు వెంట్రుకల్లా సన్నబడ్డాయి, వలయం వలయంలా నిలిచింది. చిన్నబాబు వంగి చూసి, "సరే, ఉండనీలే," అని వెళ్లిపోయాడు. అందరూ ఇళ్లకు పోయాక కూడా పాల్‌రాజ్ కాసేపు ఆ తెర ముందే కూర్చున్నాడు.

మర్నాడు అతను రాలేదు. తెల్లారేసరికి నిద్రలోనే పోయాడని అతని భార్య రాసాత్తి ఫోన్ చేసి చెప్పింది.

"ఆ పెట్టె ఆపేయ్ పాపా, ఇంక ఎవురికి," అన్నాడు చిన్నబాబు, మొహం పక్కకు తిప్పుకుని.

నీహారిక మౌస్ తాకగానే తెర వెలిగింది. ఎంత చిన్న అక్షరం చదవగలడో చూసుకున్నాడు కాబోలు, ఖాళీ పేజీ మీద చీమతలంత అక్షరాల్లో ఒక్క వరుస, సేవ్ కూడా చెయ్యనిది:

"రాసాత్తీ, నీ చేపల పులుసు బాగుంటాది. నోటితో చెప్పేదానికి సిగ్గు."

ప్రింటు తీసి ఆమె చేతిలో పెట్టాలా, అతని సిగ్గును అతనితోనే పోనివ్వాలా తేలక, స్విచ్ మీద వేలుంచి నీహారిక నిలబడిపోయింది. మీరైతే ఏం చేస్తారు, ఆ వరుస చివర కర్సర్ ఇంకా ఆరుతూ వెలుగుతూ ఉంటే?