ఎర్రదారం కట్టిన బేరింగులు

ఆదివారం దుకాణానికి సెలవు, అందుకని సుగుణకు ఆ రోజు పని రెట్టింపు. వంటింటి వెనక గచ్చు మీద పీట వేసుకుని కూర్చుంటే, ముందు కిరసనాయిలు పోసిన బేసిను, పక్కన వారమంతా లారీల నుంచీ జీపుల నుంచీ ఊడదీసిన పాత బేరింగుల కుప్ప. ఒక్కొక్కదాన్నీ ముంచి, అరిగిపోయిన పళ్ల బ్రష్షుతో గుండ్ల మధ్య జిడ్డు తోమి, గుడ్డతో తుడిచి, కొత్త గ్రీజు పెట్టి, రద్దీ కింద కొన్న పాత కాగితంలో చుట్టి, పైన దారం కట్టాలి. పెళ్లయిన పన్నెండేళ్లుగా ఇదే వరస. ఆ వాసన సబ్బుతో పోదు, సున్నిపిండితో పోదు. అత్త నర్సమ్మ అన్నం ముందు కూర్చుని "నీ చేతి పప్పుల గ్యాసునూనె వాసనొస్తాంది" అని కంచం జరుపుతుంది. ఆ పని చెప్పిందీ ఆమే, ముక్కు మూసుకునేదీ ఆమే. దుకాణంలో పనిచేసే ఇద్దరు గుమాస్తాలకు పండక్కి బట్టలు పెడతారు. సుగుణ ఇంటి మనిషి కదా, ఆమెకు దేనికి.

ఆ దారానికి ఒక పద్ధతి ఉంది. మామ బతికున్న రోజుల్లో ఎర్రదారం కడితే కంపెనీ మాలు, తెల్లదారం కడితే వాడింది. లారీ డ్రైవర్లలో చాలామందికి చదువు రాదు, కాగితం మీద ఏం రాసి ఉందో చూడరు, దారం చూసి కొనుక్కుంటారు. ఏటూరునాగారం అడవిలో కలప లారీలు నడిపేవాళ్లు కూడా ఆ నమ్మకంతోనే హనుమకొండ దాకా వచ్చేవాళ్లు. మామ పోయిన ఏడాదికి సుగుణ భర్త వీరభద్రం తెల్లదారం ఉండలు కొనడం మానేశాడు. అంతే, నోటితో ఒక్క అబద్ధమూ ఆడలేదు. సుగుణ ఒకసారి ఉండబట్టలేక, వాడినవాటికి కూడా ఎర్రది కట్టాలా అని అడిగింది. "కట్టేది నువ్వు, అమ్మేది నేను. నీకేం ఫికర్" అన్నాడు. ఆమె కట్టింది. రెండు చుట్లు తిప్పి, లోపలి నుంచి తీసి, ఒక చిన్న పువ్వు ముడి. ఆ ముడి ఆమెకు తప్ప ఎవరికీ రాదు.

బేరింగు మంచిదో చెడ్డదో ఆమెకు చెవి చెప్పేది. చెవి దగ్గర పెట్టుకుని వేలితో తిప్పితే మంచిది సన్నగా ఊపిరి తీస్తుంది. అరిగిపోయింది లోపల ఇసుక నమిలినట్టు కరకరలాడుతుంది. ఈ విద్య ఆమెకెవరూ నేర్పలేదు, వేలకొద్దీ తోమిన చేతికి దానంతట అదే అబ్బింది. ఇంట్లో దాన్ని ఎవరూ విద్య అనుకోలేదు కూడా.

ఎనభై రెండు ఎండాకాలంలో అనుకుంటా, చుట్టడానికి తెచ్చిన రద్దీలో ఒక ఇంగ్లీషు పత్రిక కాగితం దొరికింది. ఏ దేశమో గానీ ఒక ఆడపిల్ల, చక్రాల పలక మీద నిలబడి, వాలుగా ఉన్న రోడ్డు మీద వరసగా పెట్టిన డబ్బాల మధ్య నుంచి పాములా మెలికలు తిరుగుతూ దిగుతోంది. జుట్టు గాలికి విరబోసుకుని ఉంది. ఆ పిల్ల వెనకాల "ఒళ్లు దాచుకో" అనేవాళ్లు ఎవరూ ఉన్నట్టు లేదు. సుగుణ బడిలో పరుగు పందెంలో మొదట వచ్చిన మనిషి. పదో తరగతి అయిన నెలకే పెళ్లి చేశారు. ఆ కాగితంలో బేరింగు చుట్టడానికి ఆమెకు చేతులు రాలేదు, మడిచి బియ్యం డబ్బా కింద పెట్టుకుంది.

గల్లీలో మగపిల్లలు బేరింగులు బిగించిన చెక్క మీద కూర్చుని దొర్లడం ఎప్పటి నుంచో ఉన్నదే. నిలబడి మలుపు తిప్పడం ఎట్లా అన్నదే ఆమెకు పట్టుకుంది. సామాను వచ్చే దేవదారు పెట్టె నుంచి ఒక పలక ఊడదీసి, తోమిన కుప్పలోంచి దాచుకున్న నాలుగు బేరింగులు చక్రాలుగా పెట్టి, ముందు ఇరుసును ఒకే బోల్టుతో బిగించి, మధ్యలో లారీ ట్యూబు రబ్బరు ముక్క పెట్టింది. చేత్తో నొక్కి చూస్తే, ఏ పక్క నొక్కితే ఆ పక్కకే తిరిగింది. కోమటింటి కోడలు రోడ్డు మీద పలక ఎక్కితే ఊరు ఊరుకోదు కాబట్టి, తను ఎక్కలేదు. ఒక్కసారీ ఎక్కలేదు. మొదట ఎక్కింది వెనక వాడలోని చిలుకమ్మ, పదిహేడేళ్ల పిల్ల, తల్లి సమ్మమ్మతో కలిసి ఎనుమాముల మార్కెట్ యార్డులో మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయేది.

గుట్ట మీది నీళ్ల ట్యాంకుకు పోయే సిమెంటు రోడ్డు వాళ్లకు మైదానం అయింది. ఇసుక నింపిన డాల్డా డబ్బాలు పది, అడుగులు కొలిచి పెట్టేవాళ్లు. "సీదా పోతె ఆగలేవు చిలుకా, వంకరగ పోతనే పలక నీ మాట వింటది" అని సుగుణ చెప్పింది. చిలుకమ్మ మోకాళ్లు చెక్కుకుపోయి, నెలకల్లా పది డబ్బాలనూ తగలకుండా దిగింది. వంకర పందెం అని పేరు కూడా ఆ పిల్లే పెట్టింది.

ఇద్దరితో పందెం కాదు కదా. మనుషులు కావాలి. సుగుణకు అప్పుడొక ఉపాయం తట్టింది. శ్రావణమాసంలో కుంకుమ భరిణె పట్టుకుని వెళ్లే ఆడదాన్ని ఎవరూ ఎక్కడికని అడగరు. పేరంటానికి బొట్టు పెట్టి పిలిచే వంకతో బజారు ఇళ్లన్నీ తిరిగింది. తల్లికి బొట్టు పెడుతూ బిడ్డను అడిగింది. కోడలికి ఇన్నాళ్లకు భక్తి కలిగిందని నర్సమ్మ మురిసిపోయింది. ఒక తల్లి పిల్ల నల్లబడుతుందంది. ఒక తల్లి, కాలు విరిగితే ఎవడు చేసుకుంటాడంది. ఒకామె మాత్రం తలుపు దగ్గరగా వేసి, నీళ్లు తోడి గిన్నెలు కడిగాక గంటసేపు పంపుతా, వాళ్ల నాయినకు మాత్రం చెప్పకు అంది. వాడలో పిల్లల్ని చిలుకమ్మ పోగుచేసింది. యార్డులో తొడిమలు తీస్తూ తీస్తూ ఒక్కొక్కరి చెవిలో వేసేది. ఏడాది తిరిగేసరికి ఏడు పలకలు, ఏడుగురు పిల్లలు. సావుకారు బిడ్డ, హమాలీ బిడ్డ ఒకే డబ్బా పక్కన వంతు కోసం నిలబడేవాళ్లు.

ఆడపిల్లల బడి ఆటల టీచరు సరస్వతి ఒక ఆదివారం వచ్చి చూసి, ఎనిమిది మంది ఉంటే రెండు జట్లు చేసి పదిహేను ఆగస్టు ఆటల్లో వీళ్లను దింపిస్తానంది. పరేడు అయ్యాక, ఊరందరి ముందు. సుగుణ ఆ రాత్రి అన్నం తినలేదు. ఆకలి వేయలేదు, అంతే. పన్నెండేళ్లలో తనది అనుకున్నది ఒక్కటి కూడా లేని మనిషికి ఆ ఎనిమిదో పిల్ల దేవుడిచ్చిన బిడ్డకంటే ఎక్కువ అయిపోయింది.

ఎనిమిదో పిల్ల దొరికింది, పలక దొరకలేదు. ఎవరో వీరభద్రం చెవిన వేశారు. "బజార్ల ఆడపిల్లలను ఊరేగిస్తాన్నవట. మా నాయిన పేరు మీద ఉన్న దుకాణం ఇది, సర్కస్ కంపెనీ కాదు" అన్నాడు. కొట్టలేదు, అరవలేదు. ఇనుప సామాను గదికి తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. తోమేటప్పుడు ఎదురుగా కూర్చుని లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోవడం మొదలుపెట్టాడు. నాలుగు బేరింగుల దగ్గర సుగుణ ప్రపంచం ఆగిపోయింది.

ఇక్కడ సుగుణ చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఏడు పలకలకూ బేరింగులు తనే చెవితో ఏరింది. ఏరినవాటికి చేతి అలవాటు కొద్దీ ఎర్రదారం కట్టి ఇచ్చింది. "ఎర్రదారం ఉంటేనే పలకకు బిగించుండ్రి" అని పిల్లలకు చెప్పింది. చెవి సంగతి చెప్పలేదు. చెప్తే, మరి దుకాణంలో ఎర్రదారాల సంగతేమిటని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి సగం విద్య దాచుకుంది.

ఆగస్టు మొదటి ఆదివారం నర్సమ్మ ఉన్నట్టుండి పప్పు నానబోసి రుబ్బమంది. సుగుణ రోట్లోంచి పిండి తీసి, చేతులు కడుక్కుని గుట్ట దగ్గరకు చేరేసరికి ఆలస్యమైంది. ఎనిమిదో పిల్ల, చిలుకమ్మ ఇచ్చిన పాత పలక మీద నిలబడి ఉంది. చిలుకమ్మ పైన, కొత్త పలక మీద. పై నుంచే కేక వేసి చెప్పింది, వారం కూలితో వీరభద్రం సేటు దుకాణంలో తనే కొనుక్కొచ్చిందట, అసలు మాలు, ఎర్రదారంవి. నాలుగు దారాలూ ముడి విప్పకుండా జారదీసి ముంజేతికి కంకణాల్లా వేసుకుంది. ఎత్తి చూపింది.

దుకాణంలో ఎర్రదారం దేనికి కడుతున్నారో సుగుణకు తెలుసు. ఆగమనాలి. ఎందుకని అడుగుతారు, ఏడుగురు పిల్లలు వింటున్నారు, ఇద్దరు తల్లులు కూడా వచ్చి ఉన్నారు. ఏం చెప్పాలా అని ఆలోచించింది. ఒక్క ఊపిరి సేపు. ఆ ఊపిరిలో చిలుకమ్మ నేలను తన్నింది.

నాలుగు డబ్బాలు దాటింది. ఎంత బాగా దాటిందో, సుగుణ భయంలో కూడా ఆ సంగతి చూసింది. అయిదో డబ్బా దగ్గర ముందు చక్రం కరకరమని బిగుసుకుపోయింది. పలక ఆగింది, పిల్ల ఆగలేదు.

దవాఖానలో డాక్టరు, ముందరి పళ్లు మూడు పోయాయన్నాడు. మోచెయ్యి అతుక్కుంటుంది గానీ ఇక పూర్తిగా చాచలేదన్నాడు. కట్టు వేయడానికి నర్సు ముంజేతి దారాలు కత్తిరించి కింద పడేసింది. సుగుణ వంగి తీసుకుంది. నాలుగింటికీ రెండు చుట్లు, లోపలి నుంచి తీసిన పువ్వు ముడి.

సోమవారం మధ్యాహ్నానికి ఒక్కటి తప్ప పలకలన్నీ తిరిగి వచ్చాయి. ఎవరూ ఏమీ అనలేదు, గడప ముందు పడేసి పోయారు. తలుపు దగ్గరగా వేసి మాట్లాడిన తల్లి ఇంట్లో పలక పొయ్యిలోకి పోయిందని తరువాత తెలిసింది. ఆమె భర్తకు తెలిసిపోయిందట, ఆమె చెంప కూడా వాచిందట. సరస్వతి టీచరు చీటీ పంపింది, ఈసారికి వద్దులే అని. ఆడదానికి ఆటలేమిటని ఊరు అంది. పిల్ల దూకుడుగా దిగిందని, దవాఖానకు చూడబోయినవాళ్లే అన్నారు. బేరింగు మాట ఎవరూ ఎత్తలేదు. ఎర్రదారం మీద ఊరికి అంత నమ్మకం.

ఆ సాయంత్రం వీరభద్రం చాలా రోజుల తరువాత ఆమెతో మెల్లగా మాట్లాడాడు. దుకాణం పేరు ఎక్కడా రానీయకు అన్నాడు. ఆ పిల్లకు పాత మాలు అమ్మావు కదా అని సుగుణ అడిగింది. అతను మంచం మీద పక్కకు తిరుగుతూ "నేను దారం మీద చెయ్యి వెయ్యలె సుగుణా. కడిగింది నువ్వు, కట్టింది నువ్వు" అన్నాడు.

పన్నెండేళ్లలో ఆ ఇంట్లో ఆమె పనిని పని అని ఒప్పుకున్న మొదటి మాట అది.

మరునాడు సుగుణ సమ్మమ్మ ఇంటికి పోయింది. భరిణె తీసుకుపోలేదు. సమ్మమ్మ గడపలో కూర్చుని ఇంటికి తెచ్చుకున్న మిరపకాయల తొడిమలు తీస్తోంది. లోపల చిలుకమ్మ కట్టు చెయ్యి దిండు మీద పెట్టుకుని గోడకు ఒరిగి ఉంది. సుగుణ నిలబడే అంతా చెప్పింది, తెల్లదారం మానేసిన దగ్గర నుంచి ఆ ఒక్క ఊపిరి దాకా. ఏడవలేదు. ఏడిస్తే వాళ్లే తనను ఓదార్చాల్సి వస్తుందని బిగబట్టుకుంది.

సమ్మమ్మ చేతులు ఆగలేదు. మిరప ఘాటుకు కళ్లు ఎర్రబడ్డాయో, మరి దేనికో.

"నాకు చెప్తె ఏమైతది సేటమ్మా," అంది చివరికి. "నా బిడ్డ చెయ్యి మల్లొస్తదా. కొనేటోళ్లకు చెప్పు."

సుగుణ వెనుదిరగబోయింది. లోపలి నుంచి చిలుకమ్మ పిలిచింది. ముందరి పళ్లు లేక మాటలోంచి గాలి పోతోంది. "మరి ఎట్ల గుర్తువట్టాలె అక్కా, మంచిదేదో?"

ఇంత జరిగాక ఆ పిల్ల అడిగిన ప్రశ్న అది. సుగుణ లోపలికి పోయి కొంగు ముడి విప్పి, కొత్త పలక నుంచి ఊడదీసిన బేరింగు తీసి ఆమె చెవి దగ్గర తిప్పింది. తరువాత ఆమె పాత పలకది తిప్పింది. చిలుకమ్మ కళ్లు మూసుకుంది. మళ్లీ తిప్పమంది. మూడోసారికి చూడకుండానే ఏది ఏదో చెప్పింది. పిల్లలందరికీ ముందే ఇది చెప్పి ఉంటే అనుకోవడం తప్ప సుగుణకు అప్పుడు వేరే ఆలోచన లేదు.

బుధవారం పొద్దున దుకాణం తెరిచారు. కొమురెల్లి అనే డ్రైవరు, మామ కాలం నుంచీ వచ్చే మనిషి, కేసముద్రానికి లోడు ఉందని తొందరపడుతూ చక్రం బేరింగు అడిగాడు. వీరభద్రం అర నుంచి తీసి గల్లా మీద పెట్టాడు. కొమురెల్లి దారం చూశాడు, తృప్తిగా తల ఊపాడు.

ఇంటికీ దుకాణానికీ మధ్య ఒక తెర ఉంది. పన్నెండేళ్లుగా సుగుణ చాయ్ గ్లాసులు ఆ తెర కింది నుంచి అందించింది. ఆ పొద్దున తెర తీసుకుని గల్లా దాకా నడిచి వచ్చింది. గుమాస్తాలు లేచి నిలబడ్డారు. వీరభద్రం "లోపలికి నడువు" అన్నాడు, నవ్వు మొహంతోనే, కొనేవాడి ముందు. ఆమె బేరింగు తీసుకుని, రెండు చుట్ల పువ్వు ముడిని ఒక్క లాగులో విప్పింది. కాగితం తీసి, కొమురెల్లి చెవి దగ్గర పెట్టి వేలితో తిప్పింది. సాయంత్రానికి తన ట్రంకు పెట్టె గడప అవతల ఉంటుందని ఆమెకు తెలుసు. ఎక్కడికి పోవాలో మాత్రం తెలియదు.

"జర వినుండ్రి అన్నా," అంది. "ఇది పాతది. నేనే కడిగిన, నేనే దారం కట్టిన."