కొలతలకి వచ్చినావిడ

మా ఆసుపత్రిని ఊళ్ళో ఎవరూ ఆసుపత్రి అనరు. 'గోడ అవతల' అంటారు. మాట వినని పిల్లల్ని గోడ అవతల వదిలేసి వస్తామని బెదిరిస్తారు. ఆ బెదిరించిన తల్లే మంగళవారం మొహానికి ముసుగు కట్టుకుని మా ఓపీలో కూర్చుని ఉంటుంది, నిద్ర పట్టడం లేదని. తాగుడు మాన్పించే వార్డులో పడుకున్న పెద్దమనిషిని పలకరిస్తే కడుపునొప్పికి వచ్చానంటాడు. నేను ఆ ఆసుపత్రి బండి తోలేవాణ్ణి. ఊళ్ళో సగం ఇళ్ళకు దారి అడక్కుండా వెళ్ళగలను, కానీ ఏ ఇంటి ముందూ బండి ఆపలేను. బండి తలుపు మీద ఆసుపత్రి పేరు ఉంది కదా. సందు చివర ఆపి, అటు తిరిగి కూర్చోమంటారు.

ఇళ్ళకు వెళ్ళి మందులిచ్చే పని మా నర్సమ్మది. ఓపికలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు. ఆవిడకున్నది ఒకటే జబ్బు, ఎవరు బతిమాలినా కాదనలేదు. ఆ జబ్బుకు మా దగ్గర కూడా మందు లేదు.

తాళాలబ్బాయి ఇంటికి వెళ్ళేటప్పుడు ఆవిడ యూనిఫాం వేసుకునేది కాదు. చేతిసంచిలో పైన ఒక బట్ట ముక్క పెట్టుకునేది, అంచు బయటికి కనబడేటట్టు. ఇంజెక్షను దాని అడుగున ఉండేది.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, అక్కాతమ్ముళ్ళు. అక్క ముందుగదిలో మిషను పెట్టుకుని వీధి ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. తమ్ముడు తాళాలు బాగుచేస్తాడు, మారు తాళంచెవులు చేస్తాడు. నలభై దాటినా వాళ్ళక్క అబ్బాయి అనే పిలుస్తుంది కాబట్టి ఊరికంతటికీ అతను తాళాలబ్బాయే. చెయ్యి తిరిగిన పనివాడు.

కొన్నేళ్ళ కిందట అతని బుర్రలో ఒక అనుమానం మొలిచింది. ఇంటికి వచ్చేవాళ్ళు నిజంగా వాళ్ళు కారని, ఎవరో వాళ్ళలా వేషం వేసుకుని వస్తున్నారని. మీటరు చూసేవాడు మీటరువాడు కాదు, పాలు పోసేవాడు పాలవాడు కాదు. ముందు తాళాలు మార్చాడు. తర్వాత కిటికీలకు రేకులు కొట్టాడు, నీళ్ళలో ఏదో కలుపుతున్నారని కుళాయి బిగించేశాడు. ఒకరోజు అక్కను కాపాడుకోవాలని లోపల నుంచి తలుపుకు తాళం వేసి, ఆ తాళంచెవిని ఆకురాయితో అరగదీసి పొడి చేశాడు. ఆకురాయి అంటే ఇనుమును రాసి అరగదీసే పనిముట్టు, అతని చేతిలో ఎప్పుడూ ఉండేదే. ఫైరువాళ్ళు తలుపు కోసి లోపలికి వెళ్ళేసరికి ఆ అక్కకు నాలుక ఎండి మాట రావడం లేదు. ఇంకొక పూట గడిస్తే మనిషి దక్కేది కాదని డాక్టరుగారు నా ముందే అన్నారు. ఆరోజు ఇద్దర్నీ తీసుకొచ్చింది నా బండిలోనే. తమ్ముణ్ణి నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది. అతను మాత్రం అక్కకేసి చూస్తూ భయపడకు, భయపడకు అంటూనే ఉన్నాడు.

మందులతో మనిషి తేరుకున్నాడు. వార్డు నుంచి బయటికొచ్చాక మా డే సెంటరుకు రోజూ వచ్చేవాడు. అక్కడ నలుగురూ చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటారు, చేతిపని చేసుకుంటారు. అనుమానం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో నర్సమ్మ అతనికి నేర్పింది. తలుపేసుకుని ఆలోచించొద్దు, ఎదురుగా నిలబడి మీరెవరని అడుగు. నిజమైనవాడు తడుముకోకుండా చెప్తాడు. చెప్పింది నీకు తెలిసినదానితో సరిపోతే నమ్ము, అక్కడితో వదిలెయ్. అతను దాన్ని బుద్ధిగా పాటించాడు. మీటరువాణ్ణి అడిగాడు, వాడు కార్డు చూపించాడు. పాలవాణ్ణి అడిగితే వాడు నవ్వేసి, పొద్దున్నే ఇదేం చోద్యమని పాలు పోసి వెళ్ళాడు. ఆ సంగతి డే సెంటరులో చెప్తూ అతను కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి నర్సమ్మ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. నాకూ సంతోషమేసింది, ఎందుకు దాచాలి.

చిక్కల్లా నెలకోసారి వేయాల్సిన ఇంజెక్షనుతోనే. ఇంజెక్షను గది వార్డు చివర ఉంటుంది. నలుగురు తనను పట్టుకున్న ఆ వార్డులో అతను మళ్ళీ కాలు పెట్టనన్నాడు. సరే, ఇంటికే వస్తామన్నారు. అప్పుడు అక్క ఒక షరతు పెట్టింది. ఇంటికి నర్సు వస్తోందని తెలిస్తే తన గడప ఎవరూ తొక్కరని, కుట్టుపని లేకపోతే ఇద్దరూ పస్తులేనని ఏడ్చింది. వీధిలో ఎవరడిగినా కొలతలకి వచ్చానని చెప్పమంది. ఈ సంగతి తమ్ముడికి చెప్పలేదు. నర్సమ్మ ఎప్పటిలాగే సరేనంది.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుండేది ఆ వ్యవహారం. సందు చివర టీ కొట్టు దగ్గర నేను బండి ఆపగానే కొట్టువాడు, మీ కొలతలావిడ ఇవాళ ఆలస్యమైందే, అని నవ్వేవాడు. వీధి వీధంతా ఎరుగుదురు. ఎదురింటి పెద్దావిడ నన్ను పిలిచి మరీ అడిగింది, ఆ అబ్బాయికి సూది మందు పడుతోందా బాబూ అని. తెలిసీ బట్టలు కుట్టించుకుంటున్నారు. తెలిసినట్టు ఆ అక్కకు మాత్రం తెలియనివ్వరు. ఇదంతా మర్యాద అనుకునేవారు. నేనూ అలాగే అనుకుని టీ తాగి ఊరుకునేవాణ్ణి.

ఆరోజు నర్సమ్మ మందుల పెట్టె బండిలో మరిచిపోతే నేను పట్టుకుని వెనకాలే వెళ్ళాను. తాళాలబ్బాయి పక్కింటి గేటుకు తాళం బిగిస్తున్నాడు. పక్కింట్లోకి కొత్తగా దిగినావిడ గేటు దగ్గర నిలబడి, ఎవరింటికమ్మా అని నర్సమ్మను పలకరించింది. ఆవిడ నడుస్తూనే, అలవాటైన నోరు కదా, కొలతలకి వచ్చానండీ అనేసింది.

తాళాలబ్బాయి చేతిలో పని ఆగిపోయింది. మెల్లగా లేచి వచ్చి ఆవిడకు ఎదురుగా నిలబడ్డాడు. సంచిలోంచి కనబడుతున్న బట్ట అంచును చూశాడు, తర్వాత ఆవిడ మొహం చూశాడు. మొహంలో కోపం లేదు. నేర్చుకున్న పాఠం అప్పజెప్పేవాడిలా చాలా శ్రద్ధగా అడిగాడు.

"మీరెవరండీ?"

అది తను నేర్పిన ప్రశ్నేనని ఆవిడకు తెలిసిపోయింది. నాకు కూడా తెలిసిపోయింది. అటు గడపలో అక్క నిలబడి ఉంది. నోరు తెరవకుండా కళ్ళతోనే దండం పెడుతోంది. ఎదురింటి అరుగు మీద పెద్దావిడ, గేటు దగ్గర కొత్తావిడ, అందరూ ఇటే చూస్తున్నారు. నర్సమ్మ తడుముకుంది. ఆ తడుముకోవడం అతను చూశాడు.

"కొలతలకి వచ్చాను బాబూ," అంది.

అతను తలాడించాడు. సరేనండీ అన్నాడు, నెమ్మదిగానే. పనిముట్లు ఏరుకుని, అక్క భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిపించి తలుపేసుకున్నాడు. నర్సమ్మ ఎంత తట్టినా తియ్యలేదు. ఆ నెల ఇంజెక్షను సంచి అడుగునే ఉండిపోయింది.

నర్సమ్మ తిరిగి రాగానే డాక్టరుగారికి జరిగింది జరిగినట్టు చెప్పింది. మళ్ళీ తలుపు బద్దలు కొడితే ఇన్నాళ్ళ శ్రమా బూడిదలో పోసిన పన్నీరేనన్నాడాయన. రేపు పొద్దున్నే యూనిఫాంలో వెళ్ళు, బండి ఇంటి ముందే ఆపించు, అదే చోట అదే జనం ముందు నిజం చెప్పు, అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది.

చీకటి పడే వేళకు మా సహాయం ఫోను మోగింది. ఎవరైనా పేరు చెప్పకుండా బాధ చెప్పుకునే ఫోను అది. నర్సమ్మే తీసింది. అక్క గొంతు చాలా చిన్నగా వస్తోందని స్పీకరు పెట్టింది. తమ్ముడు బాగానే ఉన్నాడంది. మాట్లాడటం లేదు గానీ బాగానే ఉన్నాడు, వీధి తలుపు తాళం విప్పి మూడు గడియల తాళం బిగించాడు, అంతే. ఇప్పుడే బయటికి వచ్చెయ్యమ్మా, బండి పంపిస్తాను అని నర్సమ్మ బతిమాలింది. ఈ వేళప్పుడు మీ బండి మా గుమ్మంలో ఆగితే ఇంకేమన్నా ఉందా అంది అక్క.

"రేపు వస్తే రండమ్మా. యూనిఫాంలో మాత్రం రాకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆవిడ మాటల వెనక ఒక చప్పుడు వినిపిస్తోంది. సన్నగా, ఆగి ఆగి, ఇనుము మీద ఇనుము రాస్తున్నట్టు. అదేమిటని నర్సమ్మ అడిగింది. ఎవరిదో గేటుకు తాళంచెవి చేస్తున్నాడట, అంది అక్క. ఫోను పెట్టేసింది.

మర్నాడు, మందు వెయ్యడానికి వెళ్ళి, నా సర్వీసులో మొదటిసారి బండిని ఒక ఇంటి ముందు ఆపాను. తలుపు మీద పేరు వీధికంతటికీ కనబడేలా ఆపాను. నర్సమ్మ తెల్లటి యూనిఫాంలో దిగింది. వీధి వీధంతా అరుగుల మీదికొచ్చింది. టీ కొట్టువాడు కొట్టు వదిలేసి వచ్చాడు. మిషను చప్పుడు లేదు. కిటికీలకు లోపల నుంచి రేకులు కొట్టి ఉన్నాయి.

నర్సమ్మ తలుపు తట్టింది. లోపల, తలుపుకు బాగా దగ్గరగా, అతని గొంతు వినబడింది.

"మీరెవరు?"

"ఆసుపత్రి నర్సుని బాబూ. నిన్న చెప్పింది అబద్ధం. మీ అక్కకు మాట ఇచ్చి అలా చెప్పాను. తప్పు నాదే."

ఆవిడ గట్టిగా, వీధికంతటికీ వినబడేలా చెప్పింది.

"నిన్న కొలతలకి వచ్చానని కూడా ఇలాగే చెప్పారు. రెండింట్లో నేను దేన్ని నమ్మాలి?"

అప్పుడతను మెత్తగా, చిన్నపిల్లను అడిగినట్టు, అక్కను అడిగాడు.

"అక్కా, నువ్వు చెప్పు. నువ్వేం చెప్తే అది నమ్ముతాను. ఈవిడెవరు?"

ఒక్క మాట. నర్సు అంటే చాలు. నర్సమ్మ రెండు అరచేతులూ తలుపుకు ఆనించి నిలబడింది. వీధిలో దగ్గిన వాడు లేడు. ఆ నిశ్శబ్దమే కొంప ముంచింది. వీధంతా వింటోందని లోపలున్న అక్కకు తెలిసిపోయింది.

"కుట్టించుకోవడానికి వచ్చే ఆవిడేరా," అంది అక్క.

నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. నర్సమ్మ గిర్రున వెనక్కి తిరిగి, మీకందరికీ నేను తెలుసు, ఎవరైనా ఒక్కరు చెప్పండి, మీరు చెప్తే వింటాడు అంది. టీ కొట్టువాడు నేల చూపులు చూశాడు. కొత్తావిడ లోపలికి వెళ్ళిపోయింది. ఎదురింటి పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మాకేం తెలుసమ్మా, ఆ పిల్ల చెప్పింది కదా, కొలతలకే వస్తారనుకున్నాం, అంది. నేను అరిచాను, ఈవిడ నర్సే, నేను బండి తోలేవాణ్ణి అని. లోపల నుంచి అతను, నువ్వెవరో కూడా నాకు తెలియదు అన్నాడు.

తలుపులో గడియలు పడ్డాయి. ఒకటి తర్వాత ఒకటి, మూడూ.

"భయపడకు అక్కా," అంటున్నాడు లోపల. "నేనున్నాను కదా, భయపడకు."

ఫైరువాళ్ళకు ఫోను కలిపాను. అటు ఎవరో ఎత్తారు. ఇంతలో ఎదురింటి పెద్దావిడ అరుగు దిగి నా దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"సైరను వెయ్యకుండా రమ్మను బాబూ. పాపం, పరువుగల ఇల్లు."

లోపల ఆకురాయి చప్పుడు మొదలైంది.